వెరోనా కొండలలో ఎండుద్రాక్ష ఆసవం

పండును ఎండబెట్టి దాచుకోవడం మానవుడు చాలా ప్రాచీనకాలం నుండి ఎరిగిన విద్య. వేసవి వచ్చిందంటే మన ఇండ్లలో మేడలమీదను, పెరళ్ళలోను చాపలు పరచి మామిడి ఒరుగులు ఎండబెడతారు. గోదావరి జిల్లాలలో మామిడిరసాన్ని పొరమీద పొరగా పోసి, ఎండనిచ్చి, తాండ్ర తీస్తారు. పాయసంలో వేసుకునే ఎండుద్రాక్ష సంగతి చెప్పనే అక్కరలేదు. వీటన్నిటిలోను ఉద్దేశం ఒక్కటే. పండులోని నీరు పోతే పండు చెడదు; పంట లేని కాలంలో అక్కరకు వస్తుంది.

ఐతే, ఎండిన పండును దాచుకొని తినడం కొరకు గాక, మూడు నాలుగు నెలలు కంటికి రెప్పవలె కాపాడి, తిరిగి చితుకగొట్టి, అందులో మిగిలిన కొద్దిపాటి రసాన్ని పులియబెట్టడం కొరకే ఎండబెట్టే ఆచారం ఒకటున్నది. ఇటలీ దేశంలో వెరోనా నగరానికి ఉత్తరాన ఉన్న వాల్పొలిచెల్ల అనే కొండప్రాంతంలో ఈ ఆచారం తరతరాలుగా సాగుతున్నది. అలా తయారయ్యే చిక్కని ఎర్రని ద్రాక్షాసవానికి అమరోనె అని పేరు. వైన్ అని లోకం వ్యవహరించే పానీయాలలో ఇది మిక్కిలి ఘనమైనదిగా పేరుపొందింది. దీనిని త్రాగుమని చెప్పడం ఈ ప్రసంగానికి ఉద్దేశం కాదు. ఒక పంటను గురించి, దాని వెనుక ఉన్న ఓర్పును గురించి, ఆ ఓర్పుకు నేడు వచ్చిన పరీక్షను గురించి నాలుగు మాటలు చెప్పడమే ఉద్దేశం.

ఆసవం అన్న మాటను తెలిసే వాడుతున్నాను. ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు అనేవి బట్టీపెట్టి దింపిన సారాలు కావు. అవి కుండలో వాటంతట అవే పులిసి తయారవుతాయి. మన వైద్యులు ఇచ్చే ద్రాక్షారిష్టం ఎండుద్రాక్షతోనే చేస్తారు. కనుక ఎండుద్రాక్షను పులియబెట్టడం అనే భావన మనకు క్రొత్త కాదు. ఐతే భేదం ఒకటున్నది. మన వైద్యుడు ఎండిన ద్రాక్షను నీటిలో కాచి, కషాయం తీసి, బెల్లమో పంచదారో చేర్చి, ధాతకీ పుష్పాలు, ఇతర మందుదినుసులు కలిపి పులియబెడతాడు. వెరోనా రైతు చుక్క నీరు చేర్చడు. చిటికెడు తీపి చేర్చడు. పండులో ఉన్నదానితోనే పని జరగాలి. అందుచేతనే అతనికి పండు విషయంలో అంత జాగ్రత్త అవసరమవుతున్నది.

వెరోనా పేరు మన విద్యార్థులు కూడ ఎరిగినదే. షేక్స్‌పియర్ మహాకవి తన రోమియో జూలియట్ల కథను ఆ నగరంలోనే నడిపించాడు. నగరం మధ్యగా అదీజె నది పారుతుంది. పడమట గార్దా అనే పెద్ద సరస్సు. ఉత్తరాన లెస్సీని పర్వతాలు. ఆ పర్వతాల నుండి చాచిన చేతివ్రేళ్ళవలె కొండ చరియలు దక్షిణానికి దిగివస్తాయి. వ్రేళ్ళ నడుమ ఉన్న సందులే వాల్పొలిచెల్ల లోయలు. నెగ్రార్, మరానో, ఫుమానె, సాంత్ అంబ్రోజో, సాన్ పియెత్రో ఇన్ కరియానో అనే ఐదు పాలికలు ఈ సీమకు మూలస్థానం. తూర్పుననున్న లోయలు కూడ తరువాత ఇందులో చేరాయి. ఉత్తరపు చలిగాలిని కొండలు ఆపుతాయి. సరస్సు వేసవి తాపాన్ని, శీతకాలపు తీవ్రతను కొంత తగ్గిస్తుంది. అందువల్ల అంత ఉత్తరాన ఉండి కూడ అక్కడ ఆలివ్ చెట్లు, చెర్రీ చెట్లు పెరుగుతాయి. వాలు భూములలో రాళ్ళు పేర్చి కట్టిన గోడలు మట్టిని నిలుపుతాయి.

ఇటలీ జాతీయ మహాకవి దాంతే తన జన్మస్థానమైన ఫ్లారెన్సు నుండి వెలివేయబడిన తరువాత కొంతకాలం వెరోనా ప్రభువుల ఆశ్రయంలో ఉన్నాడు. ఆయన కుమారుడు పియెత్రో 1353లో ఈ వాల్పొలిచెల్లలోనే కొంత భూమి కొన్నాడు. ఆ భూమి నేటికీ ఆ వంశంవారి చేతిలోనే ఉన్నది. అక్కడ నేటికీ ద్రాక్ష పండుతున్నది. ఇల్లు, తోట, పనితనం తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే ప్రదేశమిది.

ద్రాక్షను ఎండబెట్టి రసం తీయడం వెరోనావారు కనిపెట్టిన విద్య కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 700 ప్రాంతంలో జీవించిన గ్రీకు కవి హెసియడ్ రైతులకు చెప్పిన హితవులలో, కోసిన ద్రాక్షను పది పగళ్ళు, పది రాత్రులు ఎండలో ఉంచి, పిమ్మట ఐదు దినాలు నీడలో ఉంచి, ఆరవనాడు పాత్రలకెత్తుకొమ్మని చెప్పాడు. అంటే మధ్యధరా సముద్ర తీరాలలో ఇది చాలా పాత పద్ధతి. వెరోనా విశేషం ఏమంటే, అక్కడ ఎండలో ఎండబెట్టరు. ఇంటిలోపల, నీడలో, గాలికి ఆరబెడతారు.

దీనికి చక్కని సాక్ష్యం క్రీస్తుశకం 6వ శతాబ్దం నుండి లభిస్తున్నది. అప్పుడు ఇటలీని ఆస్ట్రోగోతులు పాలిస్తున్నారు. కసియొడోరస్ అనే విద్వాంసుడు ఆ ప్రభుత్వంలో అత్యున్నతాధికారి. రాజుగారి భోజనానికి తగిన ఆసవం తక్కువైనదని, వెరోనా ప్రాంతంలో తయారయ్యే అచినాతికో అనే రకాన్ని సేకరించి పంపవలసినదని ఆయన ఆ ప్రాంతపు అధికారికి ఒక లేఖ వ్రాశాడు. కావలసినది ఇంత అని వ్రాసి ఊరుకోక, దానిని ఎట్లా చేస్తారో కూడ ఆ లేఖలో వర్ణించాడు. శరత్కాలంలో పందిళ్ళ నుండి ఏరి కోసిన గుత్తులను ఇంటిలో తలక్రిందులుగా వ్రేలాడదీస్తారట. అవి కుళ్ళవు, ముడుతలు పడతాయి. చప్పని నీరు పోయి తీపి నిలుస్తుంది. డిసెంబరు వచ్చి చలి ముదిరినప్పుడు, ఇతర ఆసవాలన్నీ పాతబడే సమయంలో, ఇది క్రొత్తగా పులియడం మొదలుపెడుతుంది. నేటి నెగ్రార్ రైతు ఆ లేఖ చదివితే తన ఇంటి పనిని ఎవరో చూసి వ్రాశారనుకుంటాడు. పదిహేను వందల సంవత్సరాలలో మారింది తక్కువ.

ఇక పండు సంగతి. ఒకే జాతి ద్రాక్షతో అమరోనె చేయరు. ప్రధానమైనది కొర్వీనా. దానికి తోడుగా కొర్వినోనె, రొండినెల్ల అనే జాతులు కలుస్తాయి. కొర్వీనా అంటే కాకివంటి నల్లని పండు అని, రొండినెల్ల అంటే వానకోవెల రెక్కవంటి రంగు గలదని ఆ ప్రాంతంవారు పేర్లకు అర్థం చెప్పుకుంటారు. పూర్వం మొలినార అనే మరొక జాతి కూడ తప్పక కలపాలనే నియమం ఉండేది. మొలీనో అంటే వారి భాషలో పిండిమర. పండుపైన పిండి చల్లినట్లు తెల్లని పూత ఉండడంవల్ల దానికా పేరు వచ్చింది. ఇవన్నీ ఆ ప్రాంతానికే పరిమితమైన జాతులు. ఇతర దేశాలలో వీటి సాగు అరుదు. కొర్వీనా పండు తోలు దళసరిగా ఉంటుంది. నెలల తరబడి ఆరబెట్టినా చితికిపోక నిలవగలగడం దాని గొప్పగుణం.

తీగలను అక్కడ పూర్వం నుండి పందిళ్ళమీద ప్రాకిస్తున్నారు. హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలు చూసినవారికి ఈ దృశ్యం క్రొత్తగా ఉండదు. ఆకులు పైన గొడుగుపట్టగా గుత్తులు క్రింద నీడలో విడివిడిగా వ్రేలాడుతాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కోత. ఆ కోతలో రెండు భాగాలున్నాయి. సాధారణమైన ఆసవానికి కోసే గుత్తులు వేరు. ఆరబెట్టడానికి ఏరే గుత్తులు వేరు. గింజలు ఒకదానికొకటి ఒరుసుకొనకుండా, మధ్య గాలి దూరేటట్లు వదులుగా ఉన్న గుత్తినే ఆరబెట్టడానికి తీసుకోవాలి. ఒక్క గింజ పగిలినా ఆ గుత్తి పనికిరాదు. అందువల్ల ఈ పనిని యంత్రానికి అప్పగించడానికి వీలులేదు. చేతితోనే కోయాలి, కంటితోనే ఏరాలి.

ఏరిన గుత్తులను చేర్చే చోటును ఫ్రుత్తాయో అంటారు. పండ్ల కొట్టు అని మనం చెప్పుకోవచ్చు. సాధారణంగా అది ఇంటి పైఅంతస్తులో, నాలుగుప్రక్కల కిటికీలు గల పొడవైన గది. అందులో కొయ్య చట్రాలకు రెల్లు, వెదురు బద్దలు పరచిన తట్టలను ఒకదానిపైన ఒకటిగా అమరుస్తారు. వీటికి అరెలె అని పేరు. ఈ తట్టల చరిత్ర వినదగినది. వెరోనా ప్రాంతంలో 20వ శతాబ్దపు పూర్వభాగం వరకు పట్టుపురుగుల పెంపకం విరివిగా ఉండేది. వసంతకాలంలో పురుగులు మల్బరీ ఆకు మేసిన ఆ తట్టలే, పట్టుగూళ్ళు తీసిన తరువాత, శరత్కాలంలో ద్రాక్షకు పరుపులయ్యేవి. హిందూపురం, మదనపల్లె ప్రాంతాలలో పట్టుపురుగులను పెంచే ఇండ్లలో అటువంటి వెదురు తట్టలను మనవారు చూసే ఉంటారు. ఒకే సాధనం సంవత్సరంలో రెండు పంటలకు పనికివచ్చింది. పట్టు పరిశ్రమ అక్కడ అంతరించినా తట్టలు మిగిలాయి. నేడు చాలమంది వాటికి బదులు ప్లాస్టిక్ పెట్టెలు వాడుతున్నారు. వాటిని కడగడం సులభం, మోయడం సులభం.

ఆ గదిలో మూడు నెలలకు పైగా, ఒక్కొక్కప్పుడు నూట ఇరవై రోజుల వరకు, ద్రాక్ష ఉంటుంది. బయటికి చూస్తే ఏ పనీ జరగనట్లే ఉంటుంది. లోపల మాత్రం పెద్ద మార్పు జరుగుతున్నది. తోలుగుండా నీరు కొద్దికొద్దిగా ఆవిరి అవుతుంది. పండు తన బరువులో మూడవ వంతుకు పైగా కోల్పోతుంది. చక్కెర, రంగు, వగరు అన్నీ చిక్కబడతాయి. ఇంతవరకు లెక్కలో విషయం. కాని అసలు విశేషం మరొకటున్నది. తీగ నుండి కోసినంతమాత్రాన పండు చనిపోదు. దాని జీవకణాలు చాలకాలం పనిచేస్తూనే ఉంటాయి. నీరు తగ్గిపోతున్న సంగతి వాటికి తెలుస్తుంది, ఆత్మరక్షణకు పూనుకుంటాయి. తీగమీద ఉన్నప్పుడు లేని కొన్ని పదార్థాలను ఆ సమయంలో తయారుచేసుకుంటాయి. వెరోనా విశ్వవిద్యాలయంలోని శాస్త్రజ్ఞులు కొర్వీనా ద్రాక్షను పరిశోధించి, ఆరుతున్న కాలంలో పండులోని కొన్ని జన్యువులు క్రొత్తగా మేల్కొంటాయని, వ్యాధినిరోధకాలైన స్టిల్బీన్లు అనే పదార్థాలు అధికమవుతాయని తెలుసుకున్నారు. కనుక ఎండలో రెండు మూడు వారాలలో ఎండిన ద్రాక్షకు, నీడలో నాలుగు నెలలు ఆరిన ద్రాక్షకు భేదం నీటి పాలులో మాత్రమే లేదు. నెమ్మదిగా ఆరడానికి పట్టిన కాలంలో పండు స్వభావమే మారుతుంది.

ఆ కాలమంతా రైతుకు నిద్ర పట్టదు. నవంబరులో ఆ ప్రాంతాన్ని పొగమంచు కప్పుతుంది. గాలిలో తేమ పెరిగితే బూజు పుడుతుంది. ఒక గుత్తికి పట్టిన బూజు తట్టకు, తట్టకు పట్టినది గదికి ప్రాకుతుంది. సంవత్సరపు కష్టం వారం రోజులలో మట్టి కావచ్చు. కాబట్టి పొడిగాలి వీచినప్పుడు కిటికీలు తెరవాలి. మంచు దిగినప్పుడు మూయాలి. గుత్తులను తరచుగా పరీక్షించి, చెడిన గింజను చెడినట్లే గిల్లి పారవేయాలి. పూర్వం ఈ పని ఇంటిల్లిపాదీ చేసేవారు. నేడు పెద్ద కొట్లలో తేమను కొలిచే పరికరాలు, గాలిని త్రిప్పే పంకాలు వచ్చాయి. ఐనా చూసే కన్ను అవసరం తీరలేదు.

డిసెంబరు 1వ తేదీకి ముందు ఈ ద్రాక్షను చితుకకూడదని నేటి చట్టం. సంప్రదాయాన్ని పాటించేవారు జనవరి వరకు ఆగుతారు. ముడుతలు పడి, సగం ఎండుద్రాక్షవలె ఉన్న ఆ గుత్తులను చితికి తొట్టెలలో వేస్తారు. బయట గడ్డకట్టే చలి. తీపి పదార్థాన్ని పులియజేసేది ఈస్టు అనే సూక్ష్మజీవి అని మనకు తెలుసు. దోసెపిండి పులియాలంటే వెచ్చదనం కావాలన్నది మన గృహిణులందరికీ తెలిసిన విషయమే. ఇక్కడ వెచ్చదనం లేదు. పైగా తీపి మితిమీరి ఉన్నది. అందుచేత ఈస్టు మెల్లగా పనిచేస్తుంది. సాధారణమైన ఆసవం వారం పదిరోజులలో పులిస్తే, దీనికి నెల, నెలన్నర పడుతుంది. పులిసినకొద్దీ చక్కెర తగ్గి మద్యసారం పెరుగుతుంది. ఆ మద్యసారమే చివరకు ఈస్టును చంపుతుంది.

ఇక్కడనే ఆసవం రెండు దారులుగా చీలిపోతుంది. ఈస్టు మధ్యలో అలసిపోయి ఆగిపోతే చాల చక్కెర మిగిలిపోతుంది. అప్పుడు తయారయ్యేది తీయని ఆసవం. దానిని రెచొతో అంటారు. వెరోనా మాండలికంలో రేచా అంటే చెవి. ద్రాక్షగుత్తికి పైభాగాన ఇరుప్రక్కల చెవులవలె నిక్కి ఉండే చిన్న కొమ్మలుంటాయి. ఎండ ఎక్కువగా తగిలి అవి బాగా పండుతాయి. పూర్వం ఆరబెట్టడానికి ఆ చెవులనే తుంచేవారు కనుక ఆ పేరు వచ్చింది. శతాబ్దాల తరబడి వాల్పొలిచెల్లకు కీర్తి తెచ్చింది ఈ తీయని రెచొతోయే. పెండ్లిళ్ళకు, పండుగలకు దానినే వాడేవారు. ఈస్టు ఆగకుండా చక్కెరనంతా తినివేస్తే తీపి పోయి చేదు మిగులుతుంది. అది ఒకప్పుడు ఎవరూ కోరి చేసినది కాదు. పీపాను గమనించకపోతే జరిగే పొరపాటుగా, చెడిపోయిన రెచొతోగా దానిని పరిగణించేవారు.

అమరోనె అనే పేరు వినగానే మనకు అమరత్వం స్ఫురించవచ్చు. వారి భాషలో అమరో అంటే చేదు. చివర ఓనె చేరితే పెద్ద అనే అర్థం వస్తుంది. అంటే మహాచేదు అన్నమాట. ఈ పేరు పుట్టుకను గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. 1936లో నెగ్రార్ రైతుల సహకార కొట్టులో అదెలీనో లుక్కెసె అనే ఆయన పీపాలకు అధికారి. ఒక మూల మరచిపోయిన రెచొతో పీపా ఒకటి ఆయనకు కనబడింది. తీపి పోయి ఉంటుంది, పారబోయవలసినదే అనుకుంటూ రుచి చూశాడట. అది పారబోయదగినదిగా లేదు; ఇది చేదు కాదు, మహాచేదు అని మెచ్చుకున్నాడట. కథలో ఎంత నిజమున్నదో గాని, ఆ దశాబ్దం చివరనే అమరోనె అనే మాట సీసాలమీద కనిపించింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1950 దశకంలో అది బజారుకు వచ్చింది. చేదును షడ్రుచులలో ఒకటిగా గౌరవించి ఉగాదినాడు వేపపువ్వును మొదట నోట వేసుకునే మనకు ఈ కథ వింతగా తోచదు. పారవేయదలచినదే పేరు తెచ్చింది. నేడు తీయని రెచొతోను చేసేవారు కొద్దిమంది. అమరోనెను అడిగేవారు దేశదేశాలలో ఉన్నారు.

ప్రభుత్వం కూడ దీనిని క్రమంగా గుర్తించింది. 1968లో వాల్పొలిచెల్ల ఆసవాలకు ఇటలీ ప్రభుత్వం స్థలనామ రక్షణ కల్పించింది. అప్పుడు అమరోనె రెచొతోలో ఒక భేదంగానే ఉన్నది. 1990లో దానికి స్వతంత్ర స్థానం లభించింది. 2010లో ఇటలీలో అత్యున్నతమైన హామీ తరగతిలో చేరింది. ఏ పాలికలో పండాలి, ఏ జాతులు ఏ పాలులో కలవాలి, ఎన్ని సంవత్సరాలు పీపాలో ఉండాలి అన్నవన్నీ చట్టంలో ఉన్నాయి. కనీసం రెండు సంవత్సరాలు నిలువ ఉంచనిదే అమ్మరాదు. రిజర్వా అనే మేలురకానికి నాలుగు సంవత్సరాలు. మద్యసారం నూటికి 14 పాళ్ళకు తగ్గరాదు. సాధారణంగా 15, 16 వరకు ఉంటుంది.

ఈ చట్టంలో నాకు ముఖ్యంగా తోచిన అంకె ఒకటున్నది. నూరు కిలోల పచ్చి ద్రాక్ష నుండి మామూలు వాల్పొలిచెల్ల ఆసవం 70 లీటర్ల వరకు తీయవచ్చు. అమరోనె ఐతే 40 లీటర్లకు మించరాదు. తక్కిన 30 లీటర్లు గాలిలో కలిసిపోయాయి. గది అద్దె, కూలి, బూజు భయం, రెండు నాలుగు సంవత్సరాలు డబ్బు చేతికి రాకపోవడం దానికి అదనం. సీసా ఖరీదు ఎందుకంత ఎక్కువ అని అడిగేవారికి ఈ లెక్కే సమాధానం.

ఐతే ఆ రైతు దేనినీ వృథా పోనివ్వడు. అమరోనె పిండగా మిగిలిన పిప్పిలో ఇంకా కొంత తీపి, రంగు, ఈస్టు ఉంటాయి. శరత్కాలంలో చేసిన తేలికపాటి ఆసవాన్ని ఆ పిప్పిమీద పోసి కొన్ని దినాలు ఉంచితే అది మరల ఒకమారు పులిసి, బలం పుంజుకుంటుంది. దీనిని రిపస్సో అంటారు. మరల పోయడం అని అర్థం. ఇది పాత రైతుల ఉపాయమే. మాసి అనే సంస్థ 1964 నాటి పంటతో ఈ విధంగా చేసి బజారులో పెట్టిన తరువాత లోకానికి తెలిసింది. అమరోనె కొనలేని ఇండ్లకు రిపస్సో అందుబాటులో ఉంటుంది.

ఎండిన చెర్రీ, రేగు, కోకో, పొగాకు పరిమళాలు ఇందులో కలిసి ఉంటాయని రుచి ఎరిగినవారు వ్రాస్తారు. మొదట తీపివలె తోచి చివర చేదు తగులుతుందట. వెరోనావారు దీనిని దాహానికి త్రాగరు. వేటమాంసంతోను, ఏండ్లు నిలువ ఉంచిన జున్నుతోను కొద్దికొద్దిగా చప్పరిస్తారు. బియ్యంతో రిసొత్తో అనే వంటకం చేసేటప్పుడు ఇందులో ఉడికించడం కూడ వారికి పరిపాటి. ఇటువంటి ఆసవాలను ధ్యానానికి తగినవి అని ఇటలీవారు అంటారు. భోజనం ముగిసి, మాటలు తగ్గి, మనిషి తనలో తాను ఉండే వేళకు ఒక గ్రుక్కెడు చాలునని వారి భావం.

ఇక పరీక్ష సంగతి చెప్పాలి. 1990 తరువాత అమరోనెకు ఉత్తర ఐరోపాలోను, అమెరికాలోను గిరాకీ బాగా పెరిగింది. గిరాకీ పెరిగితే ఉత్పత్తి పెరగడం సహజం. కొండవాలులో మాత్రమే ఉండిన తోటలు క్రింది మైదానంలోకి దిగాయి. మైదానంలో నేల సారవంతం, దిగుబడి అధికం, కాని పండు పలుచన. పూర్వం మంచి గుత్తులలోనూ మేలైనవాటిని మాత్రమే ఏరి ఆరబెట్టేవారు. అమ్ముడుపోతున్నది కదా అని కోసిన పంటలో పెద్దభాగాన్ని ఆరబెట్టడం మొదలైనప్పుడు ఏరడం అనే మాటకు అర్థం తగ్గింది. ఈ ప్రమాదాన్ని గ్రహించి అక్కడి ఉత్పత్తిదారుల సంఘం, పంటలో ఎంత పాలు ఆరబెట్టవచ్చునో దానికి కొన్ని సంవత్సరాలలో పరిమితిని తగ్గించింది. 2009లో కొన్ని పాత కుటుంబాలు ప్రత్యేకంగా ఒక సంఘంగా ఏర్పడి, చట్టం కోరినదానికంటే కఠినమైన నియమాలు తమకు తామే విధించుకున్నాయి. ఎవరి పద్ధతి సరియైనదన్న వివాదం న్యాయస్థానాల వరకు వెళ్ళింది.

రెండవ పరీక్ష ప్రకృతి పెడుతున్నది. భూమి వేడెక్కుతున్నకొద్దీ కోత ముందుకు జరుగుతున్నది. కొట్టులో గుత్తులు చేరేనాటికి ఇంకా వెచ్చదనం పోవడం లేదు. కసియొడోరస్ వర్ణించిన చలి ఆలస్యంగా వస్తున్నది. వెచ్చని తేమగాలిలో పండు ఆరే వేగం మారుతుంది. బూజు భయం పెరుగుతుంది. యంత్రాలతో గదిని చల్లబరచవచ్చు, పొడిచేయవచ్చు. అట్లా చేస్తే నాలుగు నెలల పని కొన్ని వారాలలోనే ముగించవచ్చుననే ఆశ కూడ పుడుతుంది. ఆ ఆశే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. తొందరగా నీరు పోగొట్టిన పండులో చక్కెర చిక్కబడుతుంది గాని, నెమ్మదిగా ఆరినప్పుడు పండు తనలో తాను చేసుకునే మార్పుకు వ్యవధి చిక్కదు.

ఈ సందర్భంలో ఒక పేరు తలచుకోవడం న్యాయం. నెగ్రార్‌లో జ్యుసెప్పె క్వింతరెల్లి అనే రైతు ఉండేవాడు. 1927లో పుట్టి 2012లో మరణించాడు. ఊరివారు ఆయనను ముద్దుగా బెపి అని పిలిచేవారు. సీసాల చీటీలమీద చేతివ్రాతవంటి అక్షరాలే ఆయన గుర్తు. చట్టం రెండు సంవత్సరాలు చాలునంటే, ఆయన పెద్ద పీపాలలో ఏడెనిమిది సంవత్సరాలు ఉంచి గాని అమరోనెను బయటికి పంపలేదు. అంతకంటె గొప్ప సంగతి మరొకటున్నది. ఏ సంవత్సరమైనా పంట తన మనస్సుకు నచ్చకపోతే, అంతా చట్టప్రకారమే చేసినప్పటికీ, దానికి అమరోనె అని పేరు పెట్టేవాడు కాదు. రొస్సో దెల్ బెపి, అంటే బెపిగారి ఎర్ర ఆసవం అని మామూలు పేరు పెట్టి, తక్కువ ధరకు అమ్మేవాడు. చట్టం అడగలేదు. కొనేవాడు కనిపెట్టగలిగేవాడూ కాడు. ఐనా ఆయన ఆ నష్టానికి సిద్ధపడ్డాడు.

అమరోనె కథ అంతా ఇటువంటి నష్టాల కథే. తోటలో సగం గుత్తులను వదులుకుంటేనే మేలైనది చేతికి వస్తుంది. పండు తన నీటిని వదులుకుంటేనే చిక్కబడుతుంది. ఆసవం తన తీపిని వదులుకుంటేనే ఆ పేరుకు తగినదవుతుంది. ఇన్నాళ్ళూ రైతుకు వదులుకోక తప్పని పరిస్థితి ఉండేది. కొండ నేల తక్కువ, చలి ఎక్కువ, కొనేవారు కొద్దిమంది. ఇప్పుడు నేల దొరుకుతున్నది, యంత్రం దొరుకుతున్నది, కొనేవారు దొరుకుతున్నారు. తప్పనిసరి గాక, తెలిసి, ఇష్టపడి వదులుకోవలసిన కాలం వచ్చింది. పదిహేను వందల ఏండ్ల విద్య నిలిచేదీ నిలవనిదీ దానిమీద ఆధారపడి ఉన్నది.

మనకు ఆ ఆసవంతో పని లేకపోవచ్చు. కాని చేతిపనితో బ్రతికే ప్రతి ఊరికీ ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉన్నది. పొరమీద పొర ఆరేవరకు ఆగి తాండ్ర తీసే ఇల్లాలికీ ఇది తెలిసిన ప్రశ్నే. ఈ శీతకాలం కూడ వెరోనా కొండలలో ఏదో ఒక ఇంటి మేడమీద ఒక రైతు కిటికీ తెరిచి, గాలి ఎటు వీస్తున్నదో చూసి, ఒక గుత్తిని ఎత్తి, చెడిన గింజ నొకదానిని గిల్లి పారవేస్తాడు. మిగిలినదానిని తిరిగి తట్టలో పెట్టి, రేపు మళ్ళీ వచ్చి చూస్తాడు.